ఇంటర్‌లాకెన్ నుంచి వెనిస్‌కు సామానుతో ఎలా?

మాది నల్గొండ. మే రెండో వారంలో మేమిద్దరం 13 రాత్రుల యూరప్ ట్రిప్ అనుకుంటున్నాం: పారిస్ 4, ఇంటర్‌లాకెన్ (స్విట్జర్లాండ్) 4, వెనిస్ 2, రోమ్ 3. పారిస్‌లో దిగి రోమ్ నుంచి తిరుగు ప్రయాణం. చిక్కల్లా ఇంటర్‌లాకెన్–వెనిస్ దగ్గరే. రైలంటే స్పీజ్‌లో, మిలాన్‌లో మారాలి, ఆరు గంటల పైనే. మా ఆవిడకు మోకాలి నొప్పి. వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద తూచితే పచ్చళ్లతో కలిపి ఒక్కో పెట్టె 21 కిలోలు! (పచ్చళ్లు తగ్గించే మాటే లేదు.)

జ్యూరిక్ నుంచి విమానం చూశాను, ఎయిర్‌పోర్టుకు చేరడానికే రెండు గంటల పైన. వెనిస్ తీసేద్దామంటే ఇటలీ 3 రాత్రులకు పడిపోతుంది, షెంజెన్ వీసాకు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఒకే వీసా) ఎక్కువ రాత్రులుండే దేశానికి అప్లై చేయాలి; అప్పుడు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ చెరో 4 రాత్రులతో సమానం కాబట్టి ఇటలీకి బదులు ముందు అడుగుపెట్టే ఫ్రాన్స్‌కు అప్లై చేయాలి. ఫారాలన్నీ ఇటలీకే నింపి పెట్టుకున్నా.

రోమ్‌లో ఒక రాత్రి తగ్గించి మిలాన్‌లో ఆగితే నయమా, పెద్ద పెట్టెలతో ఒకే రోజులో వెళ్లిపోవచ్చా? ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పగలరా?