10 వేల రూపాయలతో సొంత సబ్‌వూఫర్: కట్టుకోవాలా, కొనుక్కోవాలా?

మేడగది_గుంటూరు:
మేడ మీద నా గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు. టీవీ, పాటలు, వారానికో సినిమా. చేతిలో 10 వేలున్నాయి. షాపుల్లో 2.1 సెట్లు (రెండు చిన్న స్పీకర్లు, బేస్‌కు వూఫర్ అనే పెద్ద స్పీకరు ఒకటి) చాలానే విన్నాను. బేస్ అంటే అన్నిటిలోనూ ఒకటే మోత. మృదంగానికీ డోలుకూ తేడా తెలియడం లేదు. అందుకే 8 అంగుళాల వూఫర్, ఆన్‌లైన్‌లో దొరికే 2.1 ఆంప్లిఫైయర్ బోర్డు కొని, డబ్బా నేనే చేసుకుందామని ఉంది. ఇంట్లో వాళ్లేమో ‘ఎందుకీ తద్దినం, ఒక సౌండ్‌బార్ కొని పడేయరాదా’ అంటున్నారు. నిజంగా ఇది గిట్టుబాటయ్యే పనేనా? కట్టినవాళ్లూ, మొదలుపెట్టి వదిలేసినవాళ్లూ కూడా చెప్పండి.

కోఠి_గల్లీ_పాతకాపు:
కళ్లు మూసుకుని కట్టండి. టీపీఏ3116 చిప్ ఉన్న 2.1 బోర్డు 900, ఇంటి కరెంటును 24 వోల్టులకు దించే ఎస్ఎంపీఎస్ 700, 8 అంగుళాల వూఫర్ 1,800, పక్కలకు రెండు 4 అంగుళాల స్పీకర్లు 1,200, ప్లైవుడ్, కోత కూలి, మరలు, వైరు కలిపి 2,000. అటూ ఇటుగా 6,600. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూటలో అన్నీ దొరుకుతాయి, పైగా కొనేముందు చేత్తో పట్టుకుని చూడవచ్చు. ఆ డబ్బుకు షాపులో వచ్చే సెట్టులో 5 అంగుళాల వూఫర్, పల్చటి డబ్బా, మిగతాదంతా రంగురంగుల లైట్లు.

ఒకటే జాగ్రత్త. బోర్డు మీద 100 వాట్లని రాసి ఉంటుంది. ఇంట్లో పడి ఉన్న 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే 4 ఓముల వూఫర్‌కు 18 వాట్లకు మించి రాదు. అక్కడ పొదుపు చేయకండి, 24 వోల్టులే పెట్టండి.

ఒక్క_రిమోట్_చాలు:
పాతకాపు గారి జాబితా చూడముచ్చటగా ఉంది. అందులో డ్రిల్లు లేదు, జిగ్‌సా లేదు, సోల్డరింగ్ ఐరన్ లేదు, పెయింటు లేదు, రెండోసారి గల్లీకి వెళ్లే ఖర్చు లేదు. మూడోసారి కూడా వెళ్తారు. ఇవన్నీ ఇంట్లో ముందే ఉన్నవాళ్లకు 6,600. లేనివాళ్లకు తడిసి మోపెడవుతుంది.

ఇంకో మాట. కంపెనీ సెట్టులో చిన్న వూఫర్ అయినా దాన్ని ఆ డబ్బాకు తగినట్టు ఇంజనీర్లు సరిచేసి ఇస్తారు. స్పీకరు తట్టుకోలేని చోట బేస్ తగ్గించే ఏర్పాటు లోపలే ఉంటుంది. పాడైతే వారంటీ, ఇంట్లో అమ్మానాన్నలు వాడుకోవడానికి రిమోటు. మీరు కట్టిన డబ్బా ముందు వాళ్లు కూర్చుని ఏ నాబ్ ఎటు తిప్పాలో మీకు ఫోన్ చేస్తారు. సరదా కోసం అయితే కట్టుకోండి, ఎవరి పిచ్చి వారికి ఆనందం. గిట్టుబాటు అనే మాట మాత్రం వాడకండి.

లెక్కల_మాస్టారు:
ఇద్దరూ రూపాయల దగ్గరే ఆగిపోయారు. అసలు ప్రశ్న ఏ వూఫర్, దానికి ఎంత డబ్బా అన్నది.

మన బజార్లో వూఫర్ అడిగితే దుకాణదారు చెప్పేది రెండే: ఎన్ని అంగుళాలు, ఎంత మ్యాగ్నెట్. ‘120 మ్యాగ్నెట్ సార్, డబుల్ మ్యాగ్నెట్ సార్’ అంటూ తిరగేసి చూపిస్తాడు. ఆ అయస్కాంతం బరువు చూసి డబ్బా కొలత ఏ దేవుడూ చెప్పలేడు. కావలసినవి వేరే మూడు అంకెలున్నాయి: వూఫర్ తనంతట తాను ఊగే సహజ పౌనఃపున్యం (ఎఫ్ఎస్), ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే క్యూటీఎస్, వూఫర్ ముందు ఊగే గిన్నె లాంటి కోన్ సాగుడుకు సమానమైన గాలి పరిమాణం (వాస్). ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, తరవాత రిచర్డ్ స్మాల్ పూర్తి చేసిన పద్ధతి ఇది. ఈ మూడూ చేతిలో ఉంటే విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డబ్బా లీటర్లు, గాలి ఆడేందుకు దానికి పెట్టే గొట్టం పొడవు లెక్కగట్టి ఇస్తుంది. లేకపోతే మీరు కడుతున్నది బేస్ వచ్చే చెక్కపెట్టె కావచ్చు, ఊరికే చెక్కపెట్టె కావచ్చు.

మా గల్లీ వూఫర్‌కు ఆ అంకెలున్న కాగితం ఉండదంటారా? మీరే కొలవండి. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్, దాన్నుంచి ఆంప్లిఫైయర్, అక్కడ నుంచి 1,000 ఓముల రెసిస్టర్ గుండా వూఫర్‌కు. వూఫర్‌ను గాలిలో నిలబెట్టి, దాని రెండు కొసల మధ్య ఏసీ వోల్టేజి చూస్తూ 20 హెర్ట్జ్ నుంచి మెల్లగా పైకి వెళ్లండి. అంకె పెరుగుతూ పోయి ఒక చోట శిఖరానికి చేరి మళ్లీ తగ్గుతుంది. ఆ శిఖరమే ఎఫ్ఎస్. తరవాత కోన్ మధ్యలో 20 గ్రాముల బంకమట్టి అంటించి మళ్లీ చూస్తే శిఖరం కిందికి జారుతుంది. ఉదాహరణకు 42 నుంచి 33కి జారితే, కదిలే భాగం బరువు 32 గ్రాములు. అక్కడ నుంచి వాస్ లెక్కకు వస్తుంది.

కోఠి_గల్లీ_పాతకాపు:
మాస్టారూ, ఆయన పాటలు వినాలనుకుంటున్నారు, పీహెచ్‌డీ చేయాలనుకోవడం లేదు.

4440_తరం:
లెక్కలు చూస్తే నవ్వొస్తోంది. క్యాసెట్ల రోజుల్లో 4440 అనే ఆంప్లిఫైయర్ ఐసీ ఉన్న బోర్డు, 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, మట్టికుండ మూతికి బిగించిన స్పీకరు. మా వీధి మొత్తానికి అదే డిస్కో. ఆ ఐసీ ఇచ్చేది రెండు పక్కలకూ చెరి 6 వాట్లు, రెండూ కలిపి ఒకే స్పీకరుకు పెడితే 19. ఆ 19 వాట్లతో పెళ్లి పందిరి నడిపినవాళ్లం. కుండ ఎన్ని లీటర్లో ఎవరూ కొలవలేదు. చెవి పెట్టి విన్నాం, చాలకపోతే ఇంకో కుండ తెచ్చాం.

లెక్కల_మాస్టారు:
4440_తరం గారూ, మీ కుండ బాగా పలకడానికి కారణాలున్నాయి. గుండ్రని గోడ వంగదు, ఎదురెదురు పలకలు లేవు కాబట్టి లోపల ప్రతిధ్వని ఒకే చోట పేరుకోదు. అది అప్పటి సినిమా పాటల్లోని 80 హెర్ట్జ్ పైనున్న బేస్‌కు సరిపోయింది. ఇప్పుడాయన అడుగుతున్నది 40 దాకా దిగే సబ్‌వూఫర్. 40 హెర్ట్జ్ అల ఒక్కటే ఎనిమిదిన్నర మీటర్ల పొడవు ఉంటుంది. దాన్ని పుట్టించాలంటే కోన్ చాలా గాలిని తొయ్యాలి, ఆ తోపుడుకు డబ్బా అదుపు ఉండాలి.

గొట్టం పెట్టిన డబ్బాలో తప్పుడు లెక్క ఎలా బయటపడుతుందో చెబుతాను. 33 లీటర్ల డబ్బా, అందులో వూఫరూ గొట్టమూ ఆక్రమించేది పోను 30 అనుకుందాం. లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లున్న పీవీసీ గొట్టాన్ని 26 సెంటీమీటర్ల పొడవున కోస్తే 35 హెర్ట్జ్‌కు శ్రుతి కుదురుతుంది. ఆ 35కి దిగువన గాలి కోన్‌ను పట్టుకోదు. అది పట్టు తప్పి ముందుకూ వెనక్కూ ఎగురుతుంది, శబ్దం మాత్రం అష్టకానికి (అంటే హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెళ్ల చొప్పున పడిపోతుంది. పైగా క్యూటీఎస్ ఎక్కువున్న వూఫర్‌ను ఇలాంటి డబ్బాలో పెడితే ఒకే స్వరం దగ్గర ఉబ్బి మోగుతుంది. నేను కొలిచిన చవక వూఫర్లలో ఎక్కువ వాటి క్యూటీఎస్ 0.5 పైనే ఉంది. మేడగది గారు షాపులో విన్న ‘ఒకటే మోత’ను ఇంట్లో తయారు చేసుకునే మార్గం ఇదే.

కొలవడం కుదరకపోతే గొట్టం జోలికి పోకండి, పూర్తిగా మూసిన డబ్బా కట్టండి. అక్కడ శబ్దం అష్టకానికి 12 డెసిబెళ్ల చొప్పునే తగ్గుతుంది, కొలతలో నాలుగైదు లీటర్ల తేడా వచ్చినా క్షమిస్తుంది. అంత లోతుకు దిగదు, కానీ మృదంగం మృదంగంలా ఉంటుంది.

ఒక్క_రిమోట్_చాలు:
చూశారా, మీ వాళ్లే ఒప్పుకుంటున్నారు. కొలవకపోతే మూసిన డబ్బా, మూసిన డబ్బా అయితే లోతు లేదు. మరి దేనికి ఈ అవస్థ?

లెక్కల_మాస్టారు:
లోతు లేదనలేదు, తక్కువన్నాను. 5 అంగుళాల వూఫర్, 8 అంగుళాల వూఫర్ రెండూ ఒకే స్వరాన్ని ఒకే బిగ్గరగా పలకాలంటే చిన్నది దాదాపు రెండున్నర రెట్ల దూరం ఎగరాలి. మీరన్న ‘బేస్ తగ్గించే ఏర్పాటు’ అందుకే పెడతారు. అది మంచి ఇంజనీరింగే, కాదనను. కానీ వాల్యూమ్ పెంచిన కొద్దీ బేస్ మాయమయ్యేది కూడా దాని వల్లే.

ట్రాన్స్‌కో_విశ్రాంత_ఉద్యోగి:
చర్చలో ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. రేకు డబ్బాలో వచ్చే ఆ 24 వోల్టుల ఎస్ఎంపీఎస్‌కు 230 వోల్టుల టెర్మినళ్లు బయటికే ఉంటాయి. మరల మీద వేలు తగిలితే చాలు. చాలామంది దాన్ని వూఫర్ డబ్బా వెనక టేపు వేసి వదిలేస్తారు, ఎర్త్ వైరు అసలు పెట్టరు. మూత ఉన్న అరలో పెట్టండి, ఫ్యూజు వేయండి, మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ల్యాప్‌టాప్‌కు వచ్చేలాంటి మూసిన 24 వోల్టుల అడాప్టర్ కొనండి. నాలుగు వందలు ఎక్కువైనా పర్వాలేదు.

ప్లైవుడ్_పరదేశి:
డబ్బా గురించి నా వంతు. మీది గుంటూరు కాబట్టి ఎండీఎఫ్ (చెక్కపొట్టును జిగురుతో నొక్కి చేసే పలక) వద్దనే అంటాను. అది బరువైనది, చక్కగా మోగకుండా ఉంటుంది, నిజమే. కానీ ఒక వానాకాలం తడి తగిలిందంటే అంచులు ఉబ్బి మర పట్టు వదిలేస్తుంది. 18 మిల్లీమీటర్ల నీటికి ఆగే రకం ప్లైవుడ్ తీసుకోండి. ముక్కల మధ్య ఫెవికాల్ ధారాళంగా పెట్టి, మరలు బిగించాక బయటికి కారిన జిగురును లోపలి మూలల్లోకే వేలితో రుద్దండి. లోపల ఒక పక్క గోడ నుంచి ఎదుటి గోడకు అడ్డబద్ద ఒకటి వేయండి. వూఫర్ చుట్టూ తలుపులకు అంటించే ఫోమ్ టేపు.

డబ్బా మూసుకుందో లేదో తెలుసుకోవడానికి మీటర్లు అక్కర్లేదు. వూఫర్ కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెత్తగా లోపలికి నొక్కి వదలండి. మూసిన డబ్బాలో అది బద్ధకంగా, కాస్త ఆగి ఆగి వెనక్కి వస్తుంది. టక్కున వచ్చేస్తే ఎక్కడో గాలి పోతోంది. ఎక్కువసార్లు అది వైరు బయటికి తీసిన కన్నం దగ్గరే ఉంటుంది.

మూడో_అంతస్తు_విశాఖ:
మీ అందరి డబ్బాలూ బాగానే ఉన్నాయి. కింద ఫ్లాటులో ఉండేవాళ్ల సంగతి కూడా రాయండి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెళ్లని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. మీ గది తలుపు వేస్తే పాట మీకే పరిమితం. బేస్ మాత్రం స్లాబు దిగి మా మంచంలోకి వస్తుంది. పైవాళ్ల సబ్‌వూఫర్‌తో నేను పడ్డ బాధ ఇది.

మేడగది_గుంటూరు:
మూడో_అంతస్తు గారూ, కింద మా ఇల్లే, పైగా మా నాన్నగారికి నా కంటే ముందే నిద్ర. జాగ్రత్తగానే ఉంటాను.

మాస్టారు గారూ, మీటరు విషయంలో చిక్కు వచ్చింది. నా దగ్గరున్నది 200 రూపాయల పసుపు మీటరు. దానిలో ఏసీకి 200, 750 వోల్టుల రేంజులే ఉన్నాయి. వూఫర్ దగ్గర అంకె కదలడం లేదు.

లెక్కల_మాస్టారు:
కదలదు. అక్కడ వచ్చేది కొద్ది పదుల మిల్లీవోల్టులు. ఏసీ మిల్లీవోల్టులు చూపే ఆటో రేంజ్ మీటరు ఎవరి దగ్గరైనా ఒక గంట అడిగి తీసుకోండి. ఏసీ, ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర తరచూ ఉంటుంది. లేదా ల్యాప్‌టాప్ ఉంటే ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ సౌండ్ కార్డుతోనే ఇదంతా గీసి చూపుతుంది.

గది గురించి కూడా ఒక మాట. 12 అడుగుల పొడవుకు దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 56 దగ్గర గది తనంతట తాను మోగుతుంది. ఎంత ఖరీదైన సబ్‌వూఫర్ పెట్టినా ఇది తప్పదు. మీరు కూర్చునే చోట వూఫర్ పెట్టి పాట వేసి, గోడల వెంట వంగి నడవండి. బేస్ ఎక్కడ సమంగా వినిపిస్తే డబ్బా అక్కడికి మార్చండి. దీనికి పైసా ఖర్చు లేదు, 2,000 పెట్టి వూఫర్ మార్చినదానికంటే ఎక్కువ తేడా తెలుస్తుంది.

ఒక్క_రిమోట్_చాలు:
ఆ చిట్కా సౌండ్‌బార్‌తో వచ్చే సబ్‌వూఫర్‌కు కూడా పనిచేస్తుందని గమనించగలరు.

కోఠి_గల్లీ_పాతకాపు:
పనిచేస్తుంది. కానీ ఆ బోర్డు కాలిపోతే ఏం చేస్తారు? మా డబ్బాలో 900 పెట్టి ఇంకోటి వేస్తాం. ఈ బోర్డుల్లో ఒక లోపం మాత్రం నేనే చెప్పాలి. పక్క స్పీకర్లకు కూడా బేస్ పూర్తిగా పంపేస్తాయి. 4 అంగుళాలవి వాల్యూమ్ పెంచగానే గరగర మంటాయి. 4 ఓముల స్పీకరుకు వరసలో 330 మైక్రోఫారడ్ల నాన్ పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేని) కెపాసిటర్ వేస్తే 120 హెర్ట్జ్ దిగువ తగ్గిపోతుంది. అది దొరకకపోతే మామూలు 680 రకానివి రెండు, మైనస్ కాలికి మైనస్ కాలు కలిపి వేయండి.

మేడగది_గుంటూరు:
ఆర్ఈడబ్ల్యూతో కొలిచాను. పక్కింటి వారి 8 అంగుళాల పాత వూఫర్, ఊరికే ఇచ్చారు. ఎఫ్ఎస్ 48, క్యూటీఎస్ 0.58. అంటే మూసిన డబ్బానే కదా? పరదేశి గారూ, 33 లీటర్లకు ముక్కల కొలతలు చెబుతారా? షాపువాడు 8 అడుగుల నిండు షీటు కొనాల్సిందేనంటున్నాడు.

ప్లైవుడ్_పరదేశి:
లోపల 305 వెడల్పు, 305 ఎత్తు, 356 లోతు, అన్నీ మిల్లీమీటర్లలో. పైన, కింద 341 × 356 రెండు. పక్కలకు 305 × 356 రెండు. ముందు, వెనక 341 × 341 రెండు. మొత్తం ఏడున్నర చదరపు అడుగులు, కోతలో పోయేది కలిపి 10 అనుకోండి. నిండు షీటు 32 చదరపు అడుగులు, మీకు అక్కర్లేదు. మాడ్యులర్ కిచెన్ చేసే వర్క్‌షాపుకు వెళ్లి మిగులు ముక్కలు అడగండి. వాళ్ల దగ్గర రంపం బల్ల ఉంటుంది కాబట్టి కోత కూడా తిన్నగా వస్తుంది. ముందు పలకకు వూఫర్ కన్నం మాత్రం వూఫర్ చేతికి పట్టుకెళ్లి అక్కడే కోయించండి. పెట్టె మీద రాసిన అంగుళాలు బయటి చట్రానివి, కన్నానివి కావు.