బాత్రూంలో ప్లాస్టిక్ డబ్బాలు మానేసి ఒంటికి అన్నీ ఇంట్లోనే చేసుకోవడం తెలివా, చాదస్తమా?

ఉప్పుగాలి (విశాఖ, ఎంవీపీ కాలనీ)

మా ఇంట్లో రెండు నెలలుగా తేలని తగువు ఇది. మీరైనా తేల్చండి.

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే బాత్రూం అల్మరాలో 14 ప్లాస్టిక్ డబ్బాలు బయటపడ్డాయి. షాంపూలు, బాడీవాష్‌లు, ఫేస్‌వాష్‌లు, లోషన్లు. అందులో మూడు ఎవరు కొన్నారంటే ఎవరూ ఒప్పుకోరు. అంతకు వారం ముందే పిల్లలతో కలిసి బీచ్‌లో చెత్త ఏరడానికి వెళ్ళాం. మా చిన్నది ఇసుకలోంచి ఒక షాంపూ ప్యాకెట్టు పీకి "అమ్మా, ఇది మనదే" అంది. మనది కాదు. కానీ అదే రంగు, అదే కంపెనీ, మేం పళ్ళతో చింపే మూలే చిరిగి ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నవ్వకండి.

భోగి నుంచి డబ్బాలు బంద్. ఒంటికి సున్నిపిండి, తలకు కుంకుడుకాయ, రాసుకోడానికి కొబ్బరినూనె, ముఖానికి బాల్కనీ కుండీలో కలబంద. మా అత్తగారిది విజయనగరం, ఆవిడ సంబరం చెప్పనలవి కాదు. మా వారు మాత్రం తన షాంపూ బీరువాలో దాచుకున్నారు. నాకు తెలుసని ఆయనకు తెలీదు.

గొడవ కలబందతో వచ్చింది. ఒకేసారి గుజ్జు తీసి, మిక్సీలో తిప్పి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో వారానికి రంగు గులాబీలోకి తిరిగింది, వాసన కాస్త పుల్లగా వచ్చింది. సహజమైనది కదా, ఇలాగే ఉంటుందేమో అనుకుని రాసుకున్నా. రెండు రోజుల్లో గడ్డం చుట్టూ చీము పొక్కులు. చూపించుకోడానికి వెళ్తే డాక్టరుగారు ఇంటి తయారీలన్నీ కట్టిపెట్టమన్నారు. మా మరిదైతే "వదినా, ఉప్పు వెయ్యకుండా పచ్చడి పెట్టి మూడు వారాలు దాస్తావా?" అన్నాడు.

ఒక్క సీసా పాడైందని మొత్తం మానేయాలా?

కుంకుడుగింజ (పాత పోస్టాఫీసు)

ఎందుకు మానేయాలమ్మా? కలబంద ఏ పూటకాపూట కోసుకోవాలి గానీ సీసాల్లో పోసి దాచుకునేదా? కోయగానే కారే పసుపు జిగురు ఒంటికి పడదు. మట్టని నిలబెట్టి అది కారిపోయాక, కడిగి, లోపలి గుజ్జు మాత్రమే రాసుకోవాలి.

నాకు 67. సబ్బు నా ఒంటికి తగిలింది తక్కువే. మా పుట్టింటి సున్నిపిండి లెక్క రాసుకో. కిలో పెసలు, పావుకిలో శనగపప్పు, పావుకిలో బియ్యం, 100 గ్రాముల కచ్చూరాలు, 50 గ్రాముల బావంచాలు (అవే, నల్లటి చిన్న గింజలు), 50 గ్రాముల కస్తూరి పసుపు, గుప్పెడు వట్టివేళ్ళు, ఎండిన గులాబీ రేకులు, బత్తాయి తొక్కలు. డాబా మీద రెండు రోజులు గలగలమనేలా ఎండాలి. పూర్ణా మార్కెట్‌లో ఇవన్నీ విడిగా తూచి ఇస్తారు, గుడ్డసంచి పట్టుకెళ్ళు. కుంకుళ్ళూ శీకాయా జీసీసీ (గిరిజన సహకార సంస్థ) డిపోలో తెచ్చుకుంటాను. 1956 నుంచీ ఏజెన్సీలో గిరిజనులు ఏరి తెచ్చింది కొనే సంస్థ అది, పెద్దాఫీసు మన ఊళ్ళోనే.

ఇంకో మాట. మిల్లువాడు అంతకుముందు ఏం ఆడాడో అడక్కుండా నీ పిండి పోయకు. మా కోడలు కారం ఆడిన వెంటనే పోయించుకొచ్చింది. ఇంటిల్లిపాదీ ఆ ఆదివారం ముఖాలు బకెట్లలో ముంచుకుని కూర్చున్నాం.

గాజువాక_గుంటడు

అక్కా, నానొక్కటడుగుతాను, ఏటీ అనుకోకు. ఆ కుంకుళ్ళు ఏ కవర్లో వచ్చాయి? కొబ్బరినూనె ఏ డబ్బాలోంచి వంపావు? మా ఇంట్లో కూడా ఇదే సరదా నడిచింది. మా చెల్లి ఆన్‌లైన్లో "ప్లాస్టిక్ లేని" క్రీము తెప్పించింది. అరచేతిలో పట్టే గాజు సీసా, దాని సుట్టూ మూడు మూరల బుడగల కవరు, దాని మీద టేపు. ఇదేటి ఇసిత్రం?

జీవీఎంసీ (మన నగర కార్పొరేషన్) వాళ్ళు 2022 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వద్దన్నారు. ఆ జులై 1 నుంచి అలాంటి కొన్ని వస్తువుల మీద దేశం మొత్తానికీ నిషేధం వచ్చింది. చెవి పుల్లలకున్న ప్లాస్టిక్ కాడ కూడా అందులో ఉంది గానీ షాంపూ ప్యాకెట్టు లేదు. అసలు దొంగ అదే. పెద్ద షాంపూ డబ్బా ఖాళీ అయితే పాత సామాన్లోడు కిలోల లెక్కన కొంటాడు. ప్యాకెట్టు పొరలు పొరలుగా అంటించిందాయె, దాన్ని ఎవుడూ ముట్టడు. మీ పాప ఇసకలో తీసింది డబ్బా కాదు, ప్యాకెట్టు. ప్యాకెట్లు మానేసి పెద్ద డబ్బా కొనుక్కోండి, పనైపోద్ది. పిండి పిసుక్కోడం ఎందుకు?

ఉప్పుగాలి

తమ్ముడూ, ప్యాకెట్టు మాట ఒప్పుకుంటున్నా, సిగ్గుగానే. ఊళ్ళకెళ్ళినప్పుడు దండలు దండలుగా కొనేది నేనే. కానీ పెద్ద డబ్బాని పాత సామాన్లవాడు కొన్నంత మాత్రాన అది మాయమైపోదుగా. కొననిది చెత్తే కాదు కదా.

పరవాడ_బ్యాచ్

ఫార్మాసిటీలో నాణ్యత పరీక్షల విభాగంలో ఉంటాను. రోజంతా పళ్ళేల్లో సూక్ష్మజీవులు లెక్కపెట్టడమే పని, కాబట్టి నా చూపు కాస్త వంకరగా ఉంటుంది, క్షమించండి.

ఉప్పుగాలి గారూ, మీ మరిది పచ్చడి మాటలో సగం శాస్త్రం ఉంది. మీరు అడగాల్సింది సహజమా, రసాయనమా అని కాదు, అందులో నీళ్ళున్నాయా అని. సూక్ష్మజీవి పెరగాలంటే నీరు కావాలి. సున్నిపిండిలో లేదు, కొబ్బరినూనెలో లేదు. నూనె మహా అయితే కనరు వాసన వస్తుంది. కలబంద గుజ్జు దాదాపు అంతా నీరే, పైగా పిండి పదార్థాలు. దాన్ని మిక్సీ జారులో తిప్పారంటే ఆ జారు మూల రబ్బరు కింద నిన్నటి చట్నీలో ఏమేం బతుకుతున్నాయో అన్నీ కలిపి వడ్డించినట్టే. ఫ్రిజ్ వాటిని నిదానపరుస్తుంది, చంపదు. కంపెనీలు ఫినాక్సీఇథనాల్ లాంటివి కలిపేది సూక్ష్మజీవులు పెరక్కుండా ఆపడానికే, అదీ 1 శాతం దాటకూడదన్న హద్దుతో. జనం దాన్ని విషంలా చూస్తారు గానీ, మీ సీసాలో లేనిది అదే.

సున్నిపిండి సరే అన్నాను గానీ, దాన్ని బాత్రూంలో పెట్టకండి. మన ఊరి గాలిలో ఉప్పు డబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి ముద్దవుతుంది, పిండి ఎంత? వంటింట్లో స్టీలు డబ్బాలో ఉంచి, ఏ రోజుకారోజు రెండు చెంచాలు పొడి చెంచాతో తీసుకోండి. తడిపింది మిగిలితే పారబోయండి. కుంకుడు రసం కూడా అంతే, ఆ పూటకే.

ఇంటి సున్నిపిండికి నేను వ్యతిరేకిని కాను. మన చర్మం కాస్త ఆమ్లపు వైపు ఉంటుంది, పీహెచ్ 5 దగ్గర (పీహెచ్ అంటే పులుపు కొలత, 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం). మామూలు సబ్బుబిళ్ళ 9, 10 మధ్య. పొడిబారిన చర్మానికి పిండే నయం. ఇంటర్నెట్‌లో తిరిగే నిమ్మరసం, వంటసోడా చిట్కాలతోనే నాకు పేచీ. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర. అది రాసుకుని ఎండలోకి వెళ్తే కాలినట్టు మచ్చలు పడతాయి. నిమ్మజాతిలో ఉండే సొరాలెన్ లాంటి పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి.

ఆ మాటకొస్తే కుంకుడుగింజ గారూ, మీ బావంచాల్లో ఉన్నదీ ఆ సొరాలెనే. బొల్లికి మందుగా దాన్ని ఇచ్చి, లెక్కగా కాంతి పట్టిస్తారు. పిల్లల పిండిలో బావంచాలు తీసేయమని నా సలహా.

కుంకుడుగింజ

నాయనా, నువ్వు పుట్టకముందు నుంచీ మా ఇంట్లో బావంచాలు వాడుతున్నాం. దీపావళి తలంటు ఎప్పుడు? తెల్లారకముందు. భోగి నలుగు ఎప్పుడు? తెల్లారకముందు. ఎండ ఉంటేగా కాలడానికి? పెద్దవాళ్ళు ఊరికే పెట్టలేదు ఆ వేళలు.

పరవాడ_బ్యాచ్

అమ్మా, తెల్లారకముందు రాసుకుంటే ఆ తర్వాత వచ్చేది ఎండే కదండీ! సాయంత్రం నలుగు పెట్టి ఉంటే మీ వాదం గెలిచేది. ఒకటి మాత్రం ఒప్పుకుంటా. నలుగు నిమిషాల్లో కడిగేస్తాం, పిండిలో బావంచాల వంతు తక్కువ, అందుకే చాలామందికి ఏమీ కాదు. బావంచాలు నూనెలో నానబెట్టి రాత్రంతా ఉంచుకోమనే చిట్కాలున్నాయి చూశారా, భయం అక్కడ.

విడ్డూరం ఏంటంటే, అవే గింజల్లోంచి సొరాలెన్ తీసేసి బాకుచియాల్ అనే భాగాన్ని మాత్రం వేరుచేసి, వేలెడు సీసాలో పోసి, ముడతలు పోతాయని అమ్ముతున్నారు.

కుంకుడుగింజ

సర్లే, మనవరాలి డబ్బాలో వెయ్యను. నా డబ్బాలో వేసుకుంటా. నా ముడతలకి నేను జవాబుదారీని.

సబ్బుబిళ్ళ (సీతమ్మధార)

పీహెచ్ అనగానే సబ్బుని తిట్టడం అలవాటైపోయింది అందరికీ. అన్నిటికన్నా సులువుగా ప్లాస్టిక్ తప్పించుకునేది కాగితంలో చుట్టిన సబ్బుబిళ్ళతోనే, అది ఎవరికీ గుర్తురాదేం? కాగితానికి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉందేమో చింపి చూసుకుంటే చాలు.

నేను ఇంట్లోనే చేస్తాను, నాలుగేళ్ళుగా. కానీ సున్నిపిండి చేసుకున్నంత తేలిక అనుకుని ఎవరూ దిగకండి. 100 గ్రాముల కొబ్బరినూనె పూర్తిగా సబ్బవడానికి 18 గ్రాముల పైచిలుకు కాస్టిక్ సోడా పడుతుంది, నువ్వులనూనెకు 13 పైచిలుకే. నూనె మారితే లెక్క మారుతుంది. చెంచాలతో కొలిచే పని కాదు, గ్రాముల తూకం ఉండాలి. నూనె కొంచెం సబ్బు కాకుండా మిగిలేలా సోడా తగ్గించి వేస్తాం, లేదంటే ఒళ్ళు తెల్లగా పొట్టు రేగుతుంది. సోడాని నీళ్ళల్లో వెయ్యాలి, నీళ్ళని సోడా మీద పోయకూడదు, ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్ళద్దాలు, చేతికి తొడుగులు, పిల్లలు ఇంట్లో లేని వేళ.

మొదటిసారి నాకు ఇవేవీ పూర్తిగా తెలీవు. పాత సిలవర గిన్నె తీసుకున్నా. సోడా నీళ్ళు పోసిన నిమిషంలో గిన్నె బుసబుసమని పొంగి, నల్లగా తిరిగి, గొంతు పట్టేసే ఆవిరి. అల్యూమినియంతో కాస్టిక్ కలిస్తే హైడ్రోజన్ పుడుతుందట, పక్కనే గ్యాస్ పొయ్యి. బాల్కనీలోకి తోసేసి తలుపేసుకున్నా. స్టీలు గిన్నె తప్ప వాడకూడదని నేర్చుకున్న విధం అది. తర్వాత బిళ్ళలు 4 నుంచి 6 వారాలు ఆరాలి. వానాకాలంలో మన ఊళ్ళో అవి ఆరవు సరికదా, మనుషుల్లా చెమట పడతాయి.

ఇంకో సంగతి. రెండు బ్యాచ్‌లు బాగా కుదరగానే "అమ్ముదాం" అనిపిస్తుంది. అమ్మాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం తయారీ లైసెన్సు ఉండాలి. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుల్లో "ఇంట్లో చేసిన క్రీము" అమ్మేవాళ్ళని ఆ సంగతి ఒక్కసారి అడిగి చూడండి.

బీచ్‌రోడ్_పరుగు

మధ్యలో దూరుతున్నా. రోజూ పొద్దున్నే పార్క్ హోటల్ దగ్గర్నుంచి పరిగెడతాను, తిరిగొచ్చేసరికి ఎండ మాడుస్తుంది. సన్‌స్క్రీన్ మానేసి కొబ్బరినూనెలో జింక్ పొడి కలిపి రాసుకోవచ్చని ఒక వీడియో చూశా. పనిచేస్తుందా?

పరవాడ_బ్యాచ్

వద్దు బ్రదర్. జింక్ ఆక్సైడ్ ఎండని ఆపే మాట నిజమే, కానీ గరిటెతో కలిపితే ఉండలు కడుతుంది. ఒక చోట పొర, పక్కనే ఖాళీ. ఆ ఖాళీ కంటికి కనిపించదు, సాయంత్రానికి ముఖం మీద కనిపిస్తుంది. ఒట్టి కొబ్బరినూనె ఎండకు అడ్డం కాదు. ఇది ఇంట్లో చెయ్యలేని సరుకు. ప్లాస్టిక్ ట్యూబే కొనండి, చివరిదాకా కోసి గీక్కుని వాడండి. పూర్తి చెయ్యి చొక్కా, టోపీ ఉంటే ట్యూబు రెండింతల కాలం వస్తుంది.

గాజువాక_గుంటడు

సూశారా, ఆకరికి ప్లాస్టిక్ ట్యూబ్ కాడికే వచ్చాం. నాను ముందే సెప్పాను.

ఉప్పుగాలి

నువ్వు చెప్పింది "పెద్ద డబ్బా కొనుక్కోండి" అని, ఒక్క ట్యూబని కాదు. 14కి ఒకటంటే నాకు పరాజయంలా ఏం కనిపించట్లేదు తమ్ముడూ.

పరవాడ గారూ, నీళ్ళున్నాయా లేవా అన్న మాట ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను. దాంతోపాటు కలబంద సీసా, గులాబీ నీళ్ళ సీసా సింకులో పోశా. రెండోది కూడా ఇంట్లో మరిగించిందే, నెల దాటింది, మూత తీస్తే పైన తెల్లటి తెర. ఇన్నాళ్ళూ అదీ రాసుకున్నానని ఇక్కడే చెబుతున్నా, మా మరిదికి చెప్పకండి.

అయినా నా పట్టు ఒకటుంది. డాక్టరుగారు "అన్నీ" అన్నారు చూశారూ, దానికి మాత్రం ఒప్పుకోను. గడ్డం మీద పొక్కులు సీసా వల్ల వచ్చాయి, సున్నిపిండి వల్ల కాదు. పిల్లల మోచేతుల దగ్గర ఎప్పుడూ ఉండే పొరలు ఈ రెండు నెలల్లో తగ్గాయి, అది నా కళ్ళతో చూశాను. తలకి మాత్రం పెద్దదాని ఏడుపు భరించలేకపోతున్నా. కుంకుడు రసం కళ్ళల్లో పడకుండా పోయడం మా అత్తగారికి వచ్చినట్టు నాకు రావట్లేదు. ఆవిడ చెయ్యి నుదుటి మీద అడ్డం పెట్టి, తల వెనక్కి వాల్చి, కథ చెబుతూ పోస్తారు. నేను పోస్తే వీధి వీధంతా లేస్తుంది. పెద్దదానికి వారానికోసారి షాంపూ ఇవ్వడానికి రాజీ పడ్డాను, అదీ మా వారి బీరువాలోంచి తీసి.

పిన్నిగారూ, బావంచాలు తీసేస్తే ఆ 50 గ్రాముల చోట ఏం వెయ్యాలి? కచ్చూరాలే పెంచనా?

కుంకుడుగింజ

ఏమీ వెయ్యక్కర్లేదు. పెసలు ఓ గుప్పెడు ఎక్కువ పోసుకో, చాలు. మిల్లుకి మాత్రం పొద్దున తెరిచీ తెరవకముందే వెళ్ళు. ముందు ఓ గ్లాసుడు బియ్యం ఆడించి ఆ పిండి పక్కన పెట్టించు, ముగ్గుకి పనికొస్తుంది. ఆ తర్వాత నీది పొయ్యమను.