ఫ్లాట్‌లో మొక్కలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తూర్పుకిటికీ: హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. బాల్కనీ లేదు, హాల్లో తూర్పువైపు ఒక్కటే కిటికీ. నాలుగు కుండీలతో మొదలుపెడదామని ఉంది. ఏ మొక్కలు, మట్టి ఎలా కలపాలి, ఎన్ని రోజులకోసారి నీళ్లు, ఎరువు ఏది? ఉన్నవి బోరు నీళ్లే.

మట్టిపిచ్చి: మొక్కల సంగతి తర్వాత, ముందు మట్టి చూడండి. ఉత్త ఎర్రమట్టి నింపితే ఇంటి లోపల కుండీ ఆరదు, వేర్లు కుళ్లుతాయి. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) 2 పాళ్లు, వర్మీకంపోస్టు (వానపాముల ఎరువు) 1, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక పలుకులు) 1, పైన గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకని నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి పిండాలి. అందులో ఉప్పు ఉంటుంది, కడక్కపోతే ఆకుల అంచులు మాడతాయి.

నర్సరీబాబాయ్: 22 ఏళ్లుగా నర్సరీ నడుపుతున్నాను. పెర్లైట్ లేకుండానే వేల మొక్కలు పెంచాం. అడుగున రెండంగుళాల గులకరాళ్లు పోసి పైన మట్టి వేస్తే నీళ్లెందుకు నిలుస్తాయి?

మట్టిపిచ్చి: అక్కడే పొరపాటు బాబాయ్. సన్నమట్టిలో ఉన్న నీరు కింది రాళ్ల సందుల్లోకి తేలిగ్గా దిగదు. మట్టి అడుగుభాగం పూర్తిగా తడిసేదాకా అక్కడే ఆగుతుంది. 8 అంగుళాల కుండీలో 2 అంగుళాల రాళ్లు పోస్తే ఆ తడిపొర అంతే ఎత్తు పైకి జరిగి వేర్ల మధ్యకి వస్తుంది. గిన్నెలు తోమే స్పాంజిని ముంచి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్లీ కారుతుంది. మట్టీ అంతే, లోతు ఎంత ఎక్కువుంటే అంత నీరు దిగుతుంది. రాళ్లు ఆ లోతునే తినేస్తాయి.

నర్సరీబాబాయ్: స్పాంజి కబుర్లు మాకొద్దు. కన్నం మీద కుండపెంకు బోర్లించడం తాతలనాటి పద్ధతి. వాళ్లందరికీ తెలియదా?

వానచినుకు: రెండూ ఒకటి కావండీ. పెంకు మట్టి జారిపోకుండా ఆపడానికి, దోమతెర ముక్క వేసినా చాలు. రెండంగుళాల రాళ్లు వేరే సంగతి. వేపపిండి మాత్రం ఇంట్లో వద్దు, వాసన, బూజు. వెనకే సన్నటి నల్లదోమలు దిగుతాయి. వాటి పిల్లపురుగులు పైపై తడిమట్టిలోనే పెరుగుతాయి. పసుపు జిగురు అట్టకి ఎగిరేవే అంటుకుంటాయి. పైన అంగుళంన్నర మట్టి ఆరనివ్వడమే అసలు మందు.

లక్స్‌లెక్క: ఎవరైనా వెలుతురు గురించి అడిగారా? ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని కిటికీకి అడుగు దూరంలో ఒకసారి, ఎదురుగోడ దగ్గర ఒకసారి కొలవండి. కంటికి పెద్ద తేడా తెలియదు, అంకె పదోవంతుకి పడిపోవచ్చు. మనీప్లాంటు కొత్తాకులు చిన్నవవుతూ కణుపుల మధ్య దూరం పెరుగుతోందంటే వెలుతురు చాలట్లేదని. 9 వాట్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బు అడుగు ఎత్తులో, రోజుకి 12 గంటలు. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు లైట్లకి డబ్బు తగలెయ్యకండి.

తూర్పుకిటికీ: మరి నీళ్ల సంగతి?

ఆకుపచ్చక్క: రోజులు లెక్కపెట్టి పోస్తేనే మొక్కలు చస్తాయి తమ్ముడూ. వేలు రెండో కణుపు దాకా గుచ్చి చూడు, పొడిగా ఉంటేనే పొయ్యి. పోస్తే కన్నంలోంచి కారేదాకా పోసి పళ్లెం వంపెయ్యి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్లకి కుండీ మొత్తం ఆరాలి. రెండు మూడు వారాలు పడుతుంది, వానాకాలంలో ఇంకా ఎక్కువ. బోరు నీళ్లకి మట్టి మీద తెల్లపెచ్చు కడుతుంది. దాన్ని గీకేసి, నెలకోసారి కుండీకి రెండింతల మంచినీళ్లు పోసి కడుగు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

నర్సరీబాబాయ్: అసలు సంగతి ఒక్కరూ చెప్పలేదు. కడియం ఊరి నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్క వేర్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే కోకోపీట్‌లో దించితే నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి, ముద్ద లోపల ఎండిపోతుంది. పైనేమో తడిగానే కనిపిస్తుంది. బకెట్ నీళ్లలో అరగంట నానబెట్టి, సగం మట్టి వేళ్లతో మెల్లగా విడదీసి నాటండి. వారం దాకా ఎండ తగలనివ్వకండి.

మట్టిపిచ్చి: ఇది నూటికి నూరుపాళ్లు నిజం బాబాయ్. రాళ్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. కావాలంటే కింది పళ్లెంలో పరచండి, కారిన నీళ్లలో కుండీ నిలబడకుండా ఉంటుంది.

తూర్పుకిటికీ: ఎరువు?

వానచినుకు: వర్మీకంపోస్టు కలిపారుగా, రెండు నెలలు ఏమీ వద్దు. ఇంట్లో పాకే పిల్లలుంటే డైఫన్‌బేకియా తేవద్దు, మనీప్లాంటు అందని ఎత్తులో పెట్టండి. ఆకు కొరికితే నోరు మండి వాస్తుంది.