టికాల్: ఏరు లేని చోట అంత నగరం ఎలా లేచింది?

విజయనగరం కోటవీధి:
గ్వాటెమాలా పెటెన్ అడవిలోని పాత మాయా నగరం టికాల్ మ్యాపు చూస్తున్నాను. దగ్గర్లో ఏరు లేదు. మనకైతే నాగావళి, వంశధార, ఊరూరా చెరువు. మరి అక్కడ ఎండాకాలం వేలమందికి నీళ్లెలా? మెక్సికోలోని టియోటివాకాన్ నగరం వాళ్లు వచ్చాకే నగరం పెరిగిందంటారు, నిజమేనా?

బొబ్బిలి:
వానకు లోటు లేదండి. ఏటా దాదాపు 1,900 మిల్లీమీటర్లు, మన జిల్లాలకంటే ఎక్కువే. చిక్కంతా నేలతో. అడుగున సున్నపురాయి, పడ్డ నీరు ఇంకిపోతుంది. ఏడాది మొదట్లో నెలల తరబడి ఎండే.

అందుకని ఊరినే చెరువుల పరీవాహకంగా మార్చారు. గుడి ఆవరణలకు సున్నపు గచ్చు వేసి, వాన నీరు చెరువులోకి జారేలా వాలు పెట్టారు. రాజప్రాసాదం దగ్గరి గట్టు చూడండి: రాయి, మట్టి కలిపి కట్టింది, 80 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తు. దాని వెనక సుమారు 75,000 ఘనపు మీటర్లు నిలిచేవి. గట్టులో వేర్వేరు ఎత్తుల్లో తూములు ఉండేవని తవ్వినవాళ్ల అంచనా. మట్టం దిగేకొద్దీ కింది తూము తీసేవాళ్లన్నమాట, మన మదుముల్లాగే.

గచ్చు పగిలితే నీరంతా నేల తాగేస్తుంది, కాబట్టి మళ్లీ మళ్లీ పూయాలి. పూయడానికి సున్నం కావాలి, సున్నం కాల్చడానికి కట్టెలు కావాలి. చెట్లు కొట్టిన వాలు మీది మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడుతుంది. నా దృష్టిలో అసలు బలహీనత ఇదే.

పాలకొండ:
క్రీ.శ. 378 జనవరిలో టియోటివాకాన్ తరఫు సేనాని సియాహ్ కాక్ వచ్చిన మాట నిజం, మరుసటి ఏడే కొత్త రాజు గద్దెనెక్కాడు. కానీ రాజవంశం అంతకు చాలా ముందుదే. టియోటివాకాన్ వాళ్లు పునాది వేశారనడం తప్పు.

నీటి శుద్ధి సంగతి కూడా చెప్పాలి. టికాల్‌లోని కొర్రియెంటల్ చెరువులో స్ఫటికపు ఇసుక, జియోలైట్ అనే సన్నటి రంధ్రాల ఖనిజం దొరికాయి. ఈ జియోలైట్ స్థానికం కాదు, ఈశాన్యాన 30 కిలోమీటర్ల అవతలి దినుసు. దాని గుండా నీరు వడిస్తే సూక్ష్మజీవులు, భారలోహాలు చిక్కుకుంటాయి. నడిబొడ్డు చెరువుల్లో మాత్రం పాదరసం తేలింది. కట్టడాలకు పూసిన ఎర్రని ఇంగిలీకం, అంటే పాదరసపు ఖనిజం, వానకు కడుక్కుని అందులోకే దిగింది. విషపు నాచు జాడలూ ఉన్నాయి.

విజయనగరం కోటవీధి:
మరిగించి తాగితే సరిపోయేది కాదా?

పాలకొండ:
లేదండీ. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఆ నాచు వదిలిన విషం పోదు, పాదరసం అసలే పోదు. తొమ్మిదో శతాబ్దపు కరువుల్లో మట్టం తగ్గేకొద్దీ ఆ నీరు ఇంకా చెడింది. టికాల్‌లో తేదీ చెక్కిన చివరి శిల 869 నాటిది.