సాంతా ఫేలో 80 మంది సైనికులే ఉంటే, పల్లెలను కాచిందెవరు?

గుర్రపునాడా:
18వ శతాబ్దపు న్యూ మెక్సికో (ఇప్పుడు అమెరికాలో ఉంది, అప్పట్లో స్పెయిన్ వలస) గురించి చదువుతున్నా. స్పెయిన్ రాజు జీతం తినే సైనికులు రాజధాని సాంతా ఫేలో సుమారు 80 మందే. ఊళ్లేమో పైన తావోస్ నుంచి కింద బెలెన్ దాకా. దాడులు చేసే కొమాంచీ తెగ ఆదివాసులు గుర్రాల మీద వచ్చిపడ్డాక సాంతా ఫేకి కబురు పంపి ఏం లాభం? పుస్తకాల్లో ‘మిలీషియా’ (మామూలు జనంతో కట్టిన దండు) అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. వాళ్లకు జీతం, తుపాకీ ఎవరిచ్చారు?

చిన్నరైతు:
ఎవరూ ఇవ్వలేదండీ. పిలుపొస్తే రైతే తన గుర్రం, తన ఆయుధం, తన తిండి కట్టుకుని పోవాలి. కోతలప్పుడు పిలుపొచ్చిందంటే ఆ ఏడు గోవిందా.

ఏటిరేవు:
జీతం లేదు, నిజమే. కానీ భూమి ఉంది. కిటుకంతా అక్కడే. నేను అల్బుకర్కీలో ఉంటాను. సెలవు దొరికితే పెకోస్ ఏటి ఒడ్డున శాన్ మిగెల్ దెల్ వాదోకి పోతుంటాను. వాదో అంటే ఏరు దాటే రేవు. 1794లో లొరెంజో మార్కెజ్, ఇంకో 51 మంది అర్జీ పెట్టుకుంటే అక్కడ భూమి ఇచ్చారు. షరతులు చదివితే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. మొదట విల్లంబులున్నా సరేనట. రెండేళ్లు దాటాక మాత్రం అందరి చేతిలో తుపాకులే ఉండాలి, లేనివాణ్ని ఊళ్లోంచి పంపేస్తారు. తుపాకీ కొనుక్కోవాల్సింది వాడే! ఆల్కాల్దే (స్థానిక అధికారి) ఎప్పుడైనా వచ్చి తనిఖీ చేయొచ్చు.

ఆ 52 మందిలో 13 మంది హెనీసరోలు. చిన్నప్పుడు బందీలుగా పట్టుబడి, స్పానిష్ ఇళ్లకు అమ్ముడై, చాకిరీ చేస్తూ పెరిగిన ఆదివాసులు, వాళ్ల పిల్లలు. సాంతా ఫేలో వాళ్లకు భూమి దక్కడం కష్టం. అందుకే దాడులు జరిగే అంచుకే వెళ్లారు. 1754లో గవర్నర్ వెలెజ్ కచుపిన్ అబికియూ అనే ఊరిని హెనీసరోలకిచ్చిందీ ఈ లెక్కనే. అంతకు కొన్నేళ్ల ముందే దాడులకు తాళలేక జనం ఖాళీ చేసిన చోటది.

గుర్రపునాడా:
అమ్మో. మరి గోడలూ బురుజులూ ఏమీ లేవా?

ఏటిరేవు:
ఉన్నాయి. ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనించి, మధ్యలో ఖాళీ వదిలి ప్లాజాలా కట్టుకోమనేవారు గవర్నర్లు. జనం వింటేగా! నీళ్లు, పొలం ఎక్కడుంటే ఇల్లు అక్కడే. తిట్లు తిన్నా అంతే. నాకైతే జనాన్ని తప్పుపట్టాలనిపించదు.
గోడ ఉంటే చాలనీ కాదు. 1760 ఆగస్టులో తావోస్ లోయలో జనమంతా పెద్ద ఇల్లని వియ్యాల్పాందో అనే కుటుంబం ఇంట్లో దూరారు. ఆడవాళ్లూ పోరాడారు. అయినా కొమాంచీలు మగవాళ్లను చంపి, 50 మందికి పైగా ఆడవాళ్లనూ పిల్లలనూ ఎత్తుకుపోయారు.

చిన్నరైతు:
పుయెబ్లోలను (ఊళ్లు కట్టుకుని సాగు చేసుకునే ఆదివాసులను) మరిచిపోయారు సార్. 1680లో స్పానిష్ వాళ్లను తరిమేసిన వాళ్ల మనవలే 1720 నాటికి స్పానిష్ వాళ్ల పక్కన నిలబడ్డారు. ఆ ఏడు స్పానిష్ అధికారి వియాసూర్ నడిపిన దండులో 45 మంది సైనికులైతే, పుయెబ్లోలు 60.

ఏటిరేవు:
ఒప్పుకున్నా. 1779లో గవర్నర్ అన్సా కొమాంచీ నాయకుడు కుయెర్నో వెర్దేని చంపిన దండయాత్రలోనూ సైనికులకన్నా మిలీషియా, పుయెబ్లోలు, యూట్ తెగవాళ్లే ఎక్కువ. 1786లో పెకోస్ అనే పుయెబ్లో ఊళ్లో కొమాంచీలతో సంధి కుదిరింది. శాన్ మిగెల్ అర్జీ ఆ తర్వాత 8 ఏళ్లకు. అయినా తుపాకీ షరతు వదల్లేదు చూడండి.