డిసెంబరు 25న తెలుగు ఆరాధన ఉండాలా, వద్దా?

బర్మింగ్‌హామ్ నుంచి (సొంతూరు తెనాలి దగ్గర)

అందరికీ వందనాలు. డిసెంబరు రాగానే మా తెలుగు సంఘంలో మొదలయ్యే వాదనను ఈసారి మీ ముందు పెడుతున్నాను. ఇతర దేశాల్లో ఉన్నవారు, స్వదేశంలో ఉన్నవారు కూడా మీ అభిప్రాయం చెప్పండి.

మా సంఘం క్రిస్మస్ ఆరాధనను పండుగకు ముందు వచ్చే శనివారమే జరుపుతుంది. పాటలు, సండే స్కూలు పిల్లల నాటిక, వాక్యం, బిర్యానీ, అన్నీ ఆ ఒక్క పూటలో అయిపోతాయి. 25వ తేదీన ఎవరి ఇంట్లో వారు ఉండిపోతారు. "ఈ దేశంలో క్రిస్మస్ కుటుంబ పండుగ, మనమూ అలాగే ఉండాలి" అని పెద్దలు అంటారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను.

ఆ రోజు ఇక్కడ ఎలా ఉంటుందో తెలియనివారి కోసం చెబుతాను. రైళ్లు నడవవు. చాలా ఊళ్లలో బస్సులూ ఉండవు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్ద దుకాణాలు క్రిస్మస్ నాడు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. సాయంత్రం నాలుగు కొట్టేసరికి చీకటి పడుతుంది. సొంత కారు, చుట్టూ నలుగురు బంధువులు ఉన్నవారికి అది హాయిగా గడిచే రోజే. సెప్టెంబరులో ఎం.ఎస్సీ. చదువుకు వచ్చి, అద్దె గదిలో ఉంటున్న కుర్రాడి సంగతి ఏమిటి? గదిలో మిగతావాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. బయటికి రావాలన్నా వాహనం లేదు, తెరిచి ఉన్న హోటలు దొరకడం కష్టం.

మా ఊళ్లో నవంబరు చివరికల్లా వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి ఎత్తైన కర్రకు వేలాడదీసేవాళ్లం. నెలంతా పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు. 24వ తేదీ రాత్రి క్యారల్స్ బృందం డోలక్, తాళాలతో ఇల్లిల్లూ తిరిగేది, పడుకున్నవారిని లేపి మరీ పాడేది. ముసలమ్మ ఒక్కతే ఉండే ఇంటి ముందు మా పాస్టరు అయ్యగారు ఒక పాట ఎక్కువే పాడించేవారు. తెల్లవారాక కొత్త బట్టలతో గుడికి వెళ్లి, వచ్చాక అరిసెలు, కజ్జికాయలు, జంతికల పళ్లేలు పట్టుకుని వీధిలోకి బయలుదేరేవాళ్లం. పక్కింటి సాయిబుల ఇంటికీ, ఎదురింటి పంతులుగారి ఇంటికీ అందేవి. ఎవరూ పిలవకపోయినా పండుగ మన గుమ్మం దాకా వచ్చేది. ఇక్కడ పిలుపు రానివాడికి పండుగ లేదు. అందుకే 25నే, ఉదయమే ఆరాధన పెట్టాలని నా పట్టుదల.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి (గుంటూరు)

అన్నయ్యా, ఆ విద్యార్థి గురించి మీరు పడుతున్న బాధ న్యాయమైనదే. మిగతా వాదనతో నేను ఏకీభవించను.

నేను లూథరన్ కుటుంబంలో పుట్టాను. 1842లో గుంటూరుకు వచ్చి మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ గారు జర్మనీలో పుట్టినవారే. ఇక్కడికి వచ్చాకే మా సంఘం ఏ మట్టిలో నుంచి వచ్చిందో అర్థమైంది. పండుగకు ముందు నాలుగు ఆదివారాలు, వారానికో కొవ్వొత్తి చొప్పున వెలిగిస్తారు. 1839లో హాంబర్గ్‌లో వీచర్న్ అనే పాస్టరు తన ఆశ్రమంలోని పేద పిల్లల కోసం ఆ పద్ధతి మొదలుపెట్టారు. క్రిస్మస్ ఎప్పుడని ఆ పిల్లలు రోజూ అడుగుతుంటే, బండి చక్రం మీద కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించారు. మన దగ్గర డిసెంబరు 1 నుంచే కేకులు కోసి పండుగ చేసేస్తాం. 25 వచ్చేసరికి గొంతులు బొంగురుపోయి, వాక్యం వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఇక్కడ 24 మధ్యాహ్నానికి దుకాణాలు మూసేస్తారు, వీధులు నెమ్మదిస్తాయి. సాయంత్రం గుడికి వెళ్లి వచ్చాక బంగాళాదుంప సలాడు, సాసేజీలు తింటారు. చాలా ఇళ్లలో ఆ రాత్రి భోజనం అంతే. నాకు అది పేదతనంగా కనిపించదు. పశువుల తొట్టిలో పుట్టినవాడి పండుగకు తగినట్టుగా ఉంటుంది.

ఊరి పండుగను మనం ఎంత అందంగా చెప్పుకున్నా, మా నాన్న ఏటా కొత్త బట్టలకు అప్పు చేసేవారు. చందాల జాబితా మైకులో చదివేవారు. ఎక్కువ ఇచ్చినవారి పేరు ముందు, మా నాన్న పేరు చివర. ఆ మైకు వినపడకుండా మా అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. దాన్ని నేను ఇక్కడికి తెచ్చుకోవాలనుకోను.

సంఘ పెద్ద, బర్మింగ్‌హామ్

తమ్ముడు మా సంఘం సంగతి రాశాడు కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత నాది.

మనం ఆరాధించే భవనం మనది కాదు, ఇంగ్లీషు సంఘం వారి దగ్గర అద్దెకు తీసుకున్నది. 25 ఉదయం వారి ఆరాధన ఉంటుంది. ఆ పూట ఖాళీ చేయమని అడగలేం, అడగకూడదు కూడా. కార్లు ఉన్నవారు పది కుటుంబాలకు మించరు, మిగతావారిని ఎవరు తెస్తారు? ఇంకొక మాట కూడా ఉంది. ఆ ఇంగ్లీషు సంఘంలో ఇప్పుడు వస్తున్నది గుప్పెడు మంది వృద్ధులు. మనం ఆ ఉదయం వెళ్లి వారి బల్లల మీద కూర్చుంటే ఆ గుడి నిండుతుంది. మన తాతల కాలంలో సముద్రం దాటి వచ్చి మనకు పాట నేర్పినవారి ఊళ్లో, ఈ రోజు ఆ పాట పాడేవారు కరువయ్యారు. మన భాష, మన వంట అని విడిగా గుమిగూడడం కన్నా అదే పెద్ద క్రిస్మస్ అని నా నమ్మకం.

లెస్టర్ నుంచి (ప్రకాశం జిల్లా)

అయ్యగారూ, అన్నయ్యా, ఇద్దరికీ వందనాలు. నేను వృద్ధాశ్రమంలో పని చేస్తాను. 2022లో కేర్ వర్కర్లకు వీసాలు సులువు చేశాక వచ్చినవారిలో నేనూ ఒకదాన్ని. ఈ చర్చలో రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను.

ఊరి క్రిస్మస్ అంటూ మీరు చెబుతున్న చిత్రంలో నా ఊరు లేదు. మా గుడి పల్లెలో, అంటే ఊరి బయట దళితవాడలో ఉంది. మా క్యారల్స్ బృందం పల్లె చివరి ఇంటి దగ్గర వెనక్కి తిరిగేది, రోడ్డు దాటి ఊళ్లోకి వెళ్లేది కాదు. మేము పంపిన అరిసెలు సంతోషంగా తిన్న ఇళ్లు ఉన్నాయి. తీసుకుని, మేము వెనుదిరగగానే పశువులకు వేసిన ఇళ్లూ ఉన్నాయి. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ గారి మిషన్‌లో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఘోరమైన కరువు చూసి బయటపడ్డవారు, ఎక్కువ మంది మాదిగలు. మా పండుగకు ఆ రోజుతో బంధం ఉంది. ఏడాదంతా మిరప చేలల్లో నడుము వంచి పని చేసే మా అమ్మ, క్రిస్మస్ నాడు జరీ అంచు చీర కట్టుకుని ఊరి నడివీధిలో నుంచే బస్టాండుకు నడిచి, పక్క ఊరి పెద్ద గుడికి వెళ్లేది. మిగతా రోజుల్లో ఆ వీధిన వెళ్లడానికి సంకోచించేది. ఫ్రాంక్‌ఫర్ట్ అన్నయ్య చెప్పిన అప్పు మా ఇంట్లోనూ ఉండేది. ఆ చీర కోసం చేసిన అప్పును నేను తప్పు పట్టలేను.

ఇక ఇక్కడి సంగతి. 25న నాకు డ్యూటీ ఉంటుంది. టర్కీ కూర, క్రిస్మస్ పుడ్డింగు, తలలకు కాగితపు కిరీటాలు, మూడు గంటలకు టీవీలో రాజు గారి ప్రసంగం. కుటుంబ పండుగ అని పేరున్న ఈ దేశంలో, కొడుకులూ కూతుళ్లూ ఉండి కూడా ఎవరూ రాని వృద్ధులకు నేను అన్నం తినిపిస్తున్నాను. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని నీ భాషలో పాడమంది. పాత కీర్తన ఒకటి పాడాను. ఆ గదిలో నాకు ఏ దేశమూ గుర్తు లేదు.

ఆరాధన పెట్టండి. ఉదయం పెడితే మాత్రం నాలాంటివారు రాలేరు. మధ్యాహ్నం తర్వాత పెట్టండి.

డాలస్ నుంచి

మాది హిందూ కుటుంబం. బాపట్లలో మాకు క్రిస్మస్ అంటే పక్కింటి మేరీ అత్తయ్య పంపే పళ్లెం, సంక్రాంతికి ఆ పళ్లెంలోనే మేము తిరిగి పంపే బొబ్బట్లు. ఇక్కడ మా ఇంట్లో చెట్టు ఉంది, పిల్లలకు బహుమతులు ఉన్నాయి, క్రీస్తు ఎవరో చెప్పేవారు లేరు. మేము ఎంతో ఆర్భాటంగా చేస్తున్న ఈ పండుగ ఎవరిదో పిల్లలకు తెలియకపోవడం నన్ను బాధిస్తోంది. మీరు ఆరాధన పెడితే నాలాంటివారినీ పిలవండి.

కువైట్ నుంచి (రాజంపేట)

మీ దేశాల్లో ఆ రోజు సెలవు ఉంది. అది లేనివారి గురించి కూడా వినండి.

కువైట్‌లో డిసెంబరు 25 మామూలు పనిదినం. కువైట్ నగరంలో ఇవాంజెలికల్ చర్చి ఆవరణ ఒకటి ఉంది, ఎన్నో భాషల సంఘాలు వంతుల వారీగా అక్కడ ఆరాధిస్తాయి. మా వారాంతం శుక్రవారం, శనివారం. కాబట్టి మాకు ఆదివారపు ఆరాధన శుక్రవారమే. క్రిస్మస్ ఏ వారమైనా, అందరూ కలిసేది ఆ శుక్రవారమే.

నేను డ్రైవరును, నాకు ఆ పూట దొరుకుతుంది. మా కడప జిల్లా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఇళ్లలో పని చేస్తున్న ఆడపడుచులకు దొరకదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలని 2015లో ఇక్కడ చట్టం చేశారు. ఇచ్చే ఇళ్లు ఉన్నాయి, ఇవ్వని ఇళ్లూ ఉన్నాయి. మా సంఘంలో ఒక అక్క ఫోనులోనే ఆరాధన వింటుంది, చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ పెట్టుకుని, గిన్నెలు కడుగుతూ. ఆమె పంపే డబ్బుతోనే ఊళ్లో ఆమె పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని నక్షత్రం కింద ఫొటో దిగుతారు. శనివారమా, 25నా అని వాదించుకోగలగడం కూడా ఆమెకు అందని భాగ్యం. మీ ఆరాధన ఏ రోజు పెట్టినా ఫోనులో వినిపించే ఏర్పాటు చేయండి, అడుగుతున్నది అంతే.

మెదక్ నుంచి

విదేశాల వాళ్లే మాట్లాడుతున్నారు కాబట్టి ఇంటి దగ్గర ఉన్నవాడిగా చెబుతాను.

మా కేథడ్రల్‌ను మిషనరీ పోస్నెట్ దొర కరువు కాలంలో మొదలుపెట్టారు, పని చేసినవారికి తిండి దొరికేలా. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఇప్పటికీ క్రిస్మస్ నాడు తెల్లవారుజామున చీకట్లోనే మొదటి ఆరాధన మొదలవుతుంది. పగలంతా అన్ని మతాల వాళ్లూ వస్తారు, రంగు అద్దాల కిటికీల కింద పిల్లలను ఎత్తుకుని చూపిస్తారు. ఆ వైభవం ఎక్కడికీ పోలేదు.

చుట్టుపక్కల ఊళ్ల సంగతి వేరు. పాడే కుర్రాళ్లలో సగం మంది హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉన్నారు. క్యారల్స్ ఇప్పుడు ఆటోలో, స్పీకరు పెట్టె మీద వస్తున్నాయి, ఇంటి ముందు ఆగేది రెండు నిమిషాలే. అరిసెలు మిఠాయి దుకాణం నుంచి తెస్తున్నారు. తెనాలి అన్న చెప్పిన ముసలమ్మ ఇంకా ఉంది. ఆమె కొడుకు మీలాంటి ఏదో ఊళ్లో ఉన్నాడు. డిసెంబరులో విమానం టికెట్టు ఖరీదని ఎండాకాలంలో వచ్చిపోతాడు. మీరు వదిలి వెళ్లిన క్రిస్మస్‌ను మీ కోసం మేము దాచి ఉంచలేం. మీరు లేకపోవడం వల్లే అందులో కొంత పోయింది. కోపంతో అనడం లేదు. రెండేళ్లకో మూడేళ్లకో ఒక్క డిసెంబరు మాకు ఇవ్వండి. మీ పిల్లల చేత నాటిక వేయించండి, గొల్లల వేషానికి మాకు పిల్లలు చాలడం లేదు.

బర్మింగ్‌హామ్ నుంచి (సొంతూరు తెనాలి దగ్గర)

లెస్టర్ చెల్లెమ్మ రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను. పశువులకు వేసిన అరిసెల సంగతి విన్నాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

పెద్దాయనా, మీరు చెప్పిన రెండు మాటలూ నిజమే. ఉదయం ఇంగ్లీషు సంఘంతో కూర్చుందాం. మధ్యాహ్నం రెండున్నర నుంచి భవనం మనకు ఇవ్వగలరేమో అడగండి. శుభ్రం చేసి తాళం వేసే బాధ్యత నాది. ఆ వృద్ధుల్లో ఉండగలిగినవారిని మనతో భోజనానికి ఉండమందాం. విద్యార్థులను తీసుకురావడానికి నా కారుతో పాటు ఇంకో మూడు కార్లు మాట్లాడాను. సెల్లీ ఓక్, ఆస్టన్ వైపు ఉన్నవారు ముందుగా పేర్లు ఇవ్వాలి.

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి (గుంటూరు)

నా అభిప్రాయం మారలేదు. పండుగ ముందు నెల నిశ్శబ్దంగా ఉండాలనే అంటాను. ప్రకాశం చెల్లెమ్మ చెప్పిన చీర మాట మాత్రం మా నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. ఒక్క విన్నపం. చందాలు తీస్తే ఎవరి పేరూ మైకులో చదవకండి.

సంఘ పెద్ద, బర్మింగ్‌హామ్

భవనం గురించి ఇంగ్లీషు సంఘం కార్యదర్శితో ఈ రోజే మాట్లాడాను. మూడు నుంచి ఆరు దాకా వాడుకోమన్నారు, అద్దె వద్దన్నారు. పేర్లు చదవము. లెస్టర్ అమ్మాయీ, నీ డ్యూటీ ఎన్నింటికి ముగుస్తుందో చెప్పు. ఎం69, ఎం6 రహదారుల మీదుగా అయితే గంటలో రావచ్చు, ఆ రోజు రోడ్లు ఖాళీగా ఉంటాయి. నేనే వస్తాను.

లెస్టర్ నుంచి (ప్రకాశం జిల్లా)

రెండింటికి అయిపోతుంది అయ్యగారూ. నాతో పాటు ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు, ఒకరిది నెల్లూరు, ఒకరిది ఖమ్మం. ముగ్గురికీ చోటుంటుందా?