మార్కుల పద్ధతి మార్చారు సరే, టీచర్లకు టైమ్ ఎవరిస్తారు?

లెక్కల టీచర్:
మా స్కూల్లో ఈ ఏడాది వందకు మార్కులు తీసేసి, ఒక్కో నైపుణ్యానికి 1 నుంచి 4 దాకా స్థాయి వేయమన్నారు. పద్ధతి నాకు నచ్చింది, కానీ ట్రైనింగ్ ఒక్క పూటే. నా దగ్గర 120 మంది పిల్లలు, ఒక్కో పేపర్ చూసి స్థాయి వేసి, ఏం సరిచేసుకోవాలో రెండు ముక్కలు రాయడానికి నాలుగు నిమిషాలనుకున్నా 8 గంటలు, అదీ ఒక్క టెస్టుకు. పీరియడ్లు మాత్రం ఒక్కటీ తగ్గించలేదు. దీనికి మేమే సర్దుకోవాలా, సాయం అందేదాకా మార్పు ఆపాలా?

ఇద్దరు పిల్లల తండ్రి:
ఆపకూడదండీ. పాత మార్కులు మాత్రం నిక్కచ్చిగా ఉన్నాయా? 1912లో స్టార్చ్, ఎలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ పేపర్‌ని వందమందికి పైగా టీచర్లతో దిద్దిస్తే ఒకరు 64 వేశారు, ఇంకొకరు 98. అదలా ఉంచితే, 80, 85, 90 తెచ్చుకున్న పిల్ల జ్వరంతో ఒక పరీక్ష రాయలేకపోతే సున్నా కలిసి సగటు 64కి పడిపోతుంది. ఆ పిల్లకు పాఠం ఎంత వచ్చో ఆ 64 చూసి ఎలా తెలుస్తుంది?

లెక్కల టీచర్:
నిజమే, కానీ స్కేలు మార్చినంత మాత్రాన ఆ తేడా పోదండీ. పోయిన వారం నేనూ పక్క సెక్షన్ మేడమూ ఒకే పేపర్ దిద్దాం. పిల్లాడు సమీకరణంలో అన్ని స్టెప్పులూ సరిగ్గా వేసి చివర్లో మైనస్ గుర్తు వదిలేశాడు. నేను 3 వేశాను, ఆవిడ 2. అరగంట వాదించుకున్నాక చూస్తే, మాకిచ్చిన కాగితంలో 3 అంటే ‘చాలావరకు అర్థమైంది’ అని మాత్రమే ఉంది. దాని కింద నాలుగైదు అసలు జవాబులు నమూనాగా పెట్టి ఉంటే మా మధ్య ఆ వాదనే వచ్చేది కాదు. ఆ అరగంట కూడా మా లంచ్ టైమ్‌లోంచి పోయింది.

రిటైర్డ్ హెడ్‌మాస్టర్:
ఇంగ్లండ్‌లో 2014లో పిల్లల చదువును కొలిచే పాత స్థాయిలు తీసేసి, బదులు ఏం వాడాలో స్కూళ్లకే వదిలేశారు, కొన్నిచోట్ల ఆ పాత స్థాయిలే కొత్త పేర్లతో తిరిగొచ్చాయి. టీచర్ల మొండితనం అని నేను అనుకోను, చేతిలో వేరే దారి లేకపోతే ఎవరైనా అలవాటైనదే పట్టుకుంటారు. మేం మార్చినప్పుడు మొదటి ఏడాది ఒక్క సబ్జెక్టుకే పెట్టాం, ఆ టీచర్లందరికీ వారంలో ఒకే పీరియడ్ ఖాళీ ఉంచి కలిసి దిద్దించాం. తల్లిదండ్రుల ఫోన్లు నేనే తీసుకున్నాను, క్లాస్ టీచర్ల దాకా రానివ్వలేదు. ఇంకో మాట, ప్రతి పేపర్ మీదా స్థాయీ, వ్యాఖ్యా రెండూ ఎందుకమ్మా? 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలి అధ్యయనంలో వ్యాఖ్య ఒక్కటే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు, మార్కూ వ్యాఖ్యా రెండూ ఇచ్చినవాళ్లలో ఆ మెరుగుదల కనపడలేదు.

ఇద్దరు పిల్లల తండ్రి:
ఆ ఖాళీ పీరియడ్ కోసమైతే పేరెంట్స్ మీటింగ్‌లో నేనే అడుగుతాను. స్థాయి అసలు చూపించకపోతే మాత్రం మా ఇంట్లో టెన్షన్ తప్పదు, దాని మీద నేనింకా ఒప్పుకోలేదు.

లెక్కల టీచర్:
రోజువారీ పేపర్లకు వ్యాఖ్య, యూనిట్ చివర్లో స్థాయి. రేపు స్టాఫ్ మీటింగ్‌లో ఇదే పెడుతున్నాను సార్, ఆ మైనస్ గుర్తు పేపర్ కూడా తీసుకెళ్తున్నా.